జర్మనీ పల్లెలో ఇల్లు కొనాలనుకుంటున్నాం: అసలు ఆ ఊరిని నడిపేది ఎవరు? మన మాట చెల్లుతుందా?

మైన్ ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో అద్దెకు ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మా ఆవిడ జర్మన్ నేర్చుకుంటోంది, ఇప్పటికి బీ-ఒన్ (మధ్యస్థాయి) అయింది. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. ఇక్కడ మూడు గదుల ఫ్లాటు కొనాలన్నా మా తాహతుకు మించిన పని.

రెండు వారాల కిందట హున్స్‌రుక్ కొండల మీద ఒక పాత ఇల్లు చూసొచ్చాం. రాతి గోడలు, వెనకాల రెండు ఆపిల్ చెట్లు, ఒక పశువుల కొట్టం. ఊళ్లో నాలుగు వందల మంది ఉంటారట. కిరాణా కొట్టు లేదు. బస్సు బడి వేళల్లో తప్ప కనబడదు. ఊరి మధ్యలో గోడకు ఒక అద్దాల పెట్టె, అందులో వచ్చే పంచాయతీ సమావేశంలో ఏమేం మాట్లాడతారో రాసిన కాగితం. నిలబడి మొత్తం చదివాను. శ్మశానంలో నీళ్ల కుళాయి మార్చడం, ఆటస్థలంలో జారుడుబల్ల బాగుచేయడం, అడవిలో కట్టెల ధర. చదువుతుంటే మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అదే సమయంలో భయం కూడా వేసింది. ఇంత చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, మేం ఎవరికీ తెలియం.

అలాంటి ఊళ్లో ఉంటున్నవాళ్లు ఉంటే చెప్పండి. పెత్తనం ఎవరిది? మాకేదైనా ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఓటు లేని మా మాట ఎవరైనా వింటారా? అన్నిటికన్నా ముఖ్యం, నేను ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో మా ఆవిడ ఒంటరిదైపోతుందా?

కొండమీది కోడలు:

తమ్ముడూ, కొనబోయే ఇల్లు చూడ్డానికి వెళ్లి ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి చదివారంటే మీకు ఆ ఊరు పడుతుందనే నా నమ్మకం. మేం కొన్నప్పుడు దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లకు గానీ దాని విలువ తెలియలేదు.

మాదీ హున్స్‌రుకే. జిమ్మర్న్ నుంచి కారులో పావుగంట. ఊరి పేరు రాయను, రాస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. 380 మందిమి ఉంటాం. 2016లో వచ్చాం. నేను పుట్టి పెరిగింది ఖమ్మం దగ్గర పల్లెలో, మా నాన్న రెండు దఫాలు వార్డు మెంబరు. పంచాయతీ గొడవలన్నీ మా ఇంటి అరుగు మీదే జరిగేవి. అందుకని ఇక్కడికొచ్చాక ఈ ఊరి లెక్క ఏమిటో తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టలేదు. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన ఊరు రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రంలోది. ఈ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 2,300 గెమైండేలు ఉన్నాయి. గెమైండే అంటే మన గ్రామ పంచాయతీ అనుకోండి. వాటిలో చాలావాటికి వెయ్యి మంది జనాభా కూడా ఉండదు. ఐఫెల్ కొండల్లో డియర్‌ఫెల్డ్ అని ఒకటుంది, పది మంది అటూ ఇటూగా ఉంటారు, అదీ సొంత పంచాయతీనే. ఊరి పెద్దను ఓర్ట్స్‌బ్యుర్గర్‌మైస్టర్ అంటారు, నేను మాత్రం సర్పంచ్ అనే అంటాను. జనాభా 300 దాటి 500 లోపు ఉన్న ఊరికి ఎనిమిది మంది సభ్యులు. ఐదేళ్లకోసారి ఎన్నిక. సర్పంచ్‌కు జీతం ఉండదు, నెలకు కొన్ని వందల యూరోల భత్యం ఇస్తారు. మన ఊళ్లలోలా కార్యదర్శి ఉండడు. మా సర్పంచ్ పగలంతా జిమ్మర్న్‌లో లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుని, సోమవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఊరి హాల్లో వెనక గదిలో కూర్చుంటుంది. అదే ఆఫీసు. ఒక బల్ల, ఒక బీరువా, ఊరి ముద్ర.

కాగితాల పని మొత్తం చేసేది ఆ పై అంచె, ఫెర్బాండ్స్‌గెమైండే. కొన్ని ఊళ్లు కలిపి ఒకటి, అచ్చంగా మన మండలమే. మీ చిరునామా నమోదు అక్కడే చేయించుకోవాలి, ఇల్లు మారిన రెండు వారాల్లోపు. మంచినీళ్లు, మురుగు కాలువలు, ప్రాథమిక బడి, ఫైర్ సర్వీసు ఆ మండలం బాధ్యత. ఊరి చేతిలో ఉండేవి ఊరి వీధులు, వీధి దీపాలు, ఆటస్థలం, శ్మశానం, ఊరి హాలు, ఊరి అడవి. కొత్త ఇళ్లు ఎక్కడ కట్టనివ్వాలో తేల్చేదీ ఊరే, అది చిన్న అధికారం కాదు. ఇంకా పైన లాండ్‌క్రైస్, అంటే జిల్లా. చెత్త బండ్లు, బస్సులు జిల్లావి. దాని పెద్దను లాండ్‌రాట్ అంటారు. నేను మొదట కలెక్టర్ లాంటి అధికారి అనుకున్నాను. కాదు, ఈ రాష్ట్రంలో ఆయన్ను కూడా జనమే ఎనిమిదేళ్లకు ఎన్నుకుంటారు.

ఇప్పుడు 2024 సంగతి చెబుతాను, దానితో మీకు ఊరి నాడి తెలుస్తుంది. జూన్ 9న యూరప్ పార్లమెంటు ఎన్నికలతో పాటే మా ఊరి ఎన్నికలూ జరిగాయి. ఒక్కొక్కరికి నాలుగు కాగితాలు: యూరప్, జిల్లా, మండలం, ఊరి సభ్యులు. పదహారేళ్ల పిల్లలకు ఆ ఏడాదే మొదటిసారి యూరప్ ఓటు వచ్చింది, ఊరి ఓటు మాత్రం పద్దెనిమిది నిండాకే. అయితే మా ఊళ్లో సభ్యుల కోసం ఎవరూ జాబితా పెట్టలేదు. అలాంటప్పుడు ఓటు పత్రం మీద ఖాళీ గీతలుంటాయి. ఊళ్లో ఎవరు పనికొస్తారనుకుంటే వాళ్ల పేరు మీరే రాయాలి. పార్టీ లేదు, గుర్తు లేదు. లెక్కింపు ఎవరైనా చూడొచ్చు గనక నేను వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. సగం ఊరికి రెండే ఇంటిపేర్లు. తండ్రీకొడుకులకు ఒకే పేరున్న ఇల్లు కూడా ఒకటుంది. అందుకని ఓటర్లు పేరు పక్కన "పై వీధి" అనో "వడ్రంగి" అనో రాశారు. ఒక ముసలాయన వణికే చేత్తో రాసిన కాగితాన్ని ముగ్గురు దీపం కిందకు తెచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఒక్క ఓటు కూడా వృథా పోకూడదని వాళ్లు పడిన తాపత్రయం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

సర్పంచ్ పదవికి మాత్రం ఎవరూ నిలబడలేదు, అందుకే దానికి ఓటు కాగితమే లేదు. ఆ మధ్య చాలా ఊళ్ల పరిస్థితి ఇదే. ఎవరూ పోటీ చేయకపోతే కొత్త సభ్యులే ఎన్నుకోవాలి. వాళ్లకూ ఎవరూ దొరక్కపోతే పైనుంచి ఎవరినో ఒకరిని నియమిస్తారు. ఆ మొదటి సమావేశానికి ఊళ్లో యాభై మంది దాకా వచ్చారు. అధ్యక్షత వహిస్తున్న పాత సర్పంచ్, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. రెండోసారి అడిగాడు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్నావిడ, ఇద్దరు పిల్లల తల్లి, "నాకు సోమవారాలు మాత్రమే కుదురుతుంది, మిగతా పనులు మీరంతా పంచుకుంటామంటే చేస్తాను" అంది. పంచుకున్నారు. ఒకాయన ఆటస్థలం చూసుకుంటాడు, వారం వారం వెళ్లి ఉయ్యాల గొలుసులు లాగి చూసి పుస్తకంలో సంతకం పెడతాడు. ఒకావిడ ఊరి హాలు తాళాలు. ఒకాయన అడవి.

ఇక మన ఓటు. సూటిగా చెబుతాను, లేదు. యూరప్ యూనియన్ దేశాల వాళ్లకు ఊరి ఎన్నికల్లో ఓటుంది, మనకు లేదు. ఒకప్పుడు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం కొన్ని దేశాల వాళ్లకు ఇవ్వబోతే, 1990లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. పన్ను కడతాం, ఊళ్లో ఉంటాం, ఓటు మాత్రం లేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే, దాచుకోను. జర్మన్ పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. 2024 జూన్ నుంచి ఐదేళ్ల నివాసం ఉంటే అడగొచ్చు, పాత పౌరసత్వం వదులుకోమని జర్మనీ అనదు. కానీ మన దేశమే రెండు ఒప్పుకోదు, భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. మా ఇంట్లో ఈ చర్చ ఇంకా తెగలేదు.

అయినా మాట చెల్లదని అనుకోకండి. ఊరి సమావేశాల్లో ఊరి జనం ప్రశ్నలు అడగడానికి సమయం కేటాయిస్తారు. దాన్ని ఐన్వోనర్‌ఫ్రాగెష్టుండె అంటారు. అందులో "పౌరులు" అని కాదు, "నివాసులు" అని ఉంటుంది. అంటే మనం కూడా. మా పెద్దమ్మాయి ఐదో తరగతికి వెళ్లిన ఏడాది, చలికాలంలో ఉదయం ఆరూ యాభైకి బస్సు. ఆ స్టాపు ఊరి చివర, మలుపు దాటాక. దీపం లేదు. పిల్ల బ్యాగుకు మెరిసే పట్టీ కట్టి పంపి కిటికీలోంచి చూస్తే ఆ పట్టీ తప్ప పిల్ల కనబడేది కాదు. నాకు అప్పటికి వచ్చిన జర్మన్‌తో ఆరు వాక్యాలు కాగితం మీద రాసుకుని సమావేశానికి వెళ్లాను. చేతులు వణుకుతున్నాయి. చదివాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మధ్యలో అడ్డు తగల్లేదు. అప్పటి సర్పంచ్, ఆవుల పాకున్న రైతు, "ఏ టైముకి?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు ఆరూ నలభై ఐదుకు ఆయన ఆ స్టాపులో నిలబడి ఉన్నాడు. పాలు పితికి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, గడ్డి వాసన. చేతిలో ఉన్న టార్చి ఆర్పేసి, పిల్లల పక్కన చీకట్లో బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు. దీపం రావడానికి ఏడు నెలలు పట్టింది. స్తంభం ఎవరిది, తవ్వకం ఎవరు చేయాలి, బడ్జెట్‌లో ఎక్కడ పెట్టాలి అని మూడు సమావేశాలు నడిచాయి. ఆ ఏడు నెలలూ బస్సు వేళకు ఆయన ట్రాక్టరు ఆ మలుపులో లైట్లేసి ఉండేది. ఎవరూ చెప్పకుండానే.

డబ్బు గురించి కూడా తెలుసుకోండి. ఇంటి పన్ను, వ్యాపార పన్ను రేటు ఊరే నిర్ణయిస్తుంది. కుక్కను పెంచితే పన్ను, రెండో కుక్కకు ఇంకా ఎక్కువ. దేశంలో ఆదాయపు పన్నులో 15 శాతం ఊళ్లకు పోతుంది, ఎవరు ఎక్కడ నివసిస్తే ఆ ఊరి లెక్కలోకి. అంటే మీ కుటుంబం వస్తే ఆ ఊరి ఖాతాకూ కాస్త బలం. కానీ వచ్చినదాంట్లో పెద్ద భాగం జిల్లాకూ మండలానికీ కట్టాల్సిందే. మిగిలినదానితోనే కుళాయి, జారుడుబల్ల. అందుకే ఊరివాళ్లు ఎన్నో పనులు చేతులతోనే చేసుకుంటారు. మా ఊరి హాలు పైకప్పు శనివారాల్లో ఊరి మగవాళ్లూ ఆడవాళ్లూ ఎక్కి వేసిందే. కొన్ని ఊళ్లకు గాలిమరల కౌలు వస్తుంది. ష్నోర్‌బాఖ్ అని మా జిల్లాలోనే చిన్న ఊరు, ఆ డబ్బుతో ఇళ్లలో కరెంటు పొదుపు చేసుకునేవాళ్లకు సాయం చేసింది. మ్యోర్స్‌డోర్ఫ్ అయితే ఆరు వందల మంది ఉన్న ఊరు, లోయ మీద 360 మీటర్ల వేలాడే వంతెన కట్టించి 2015 అక్టోబర్‌లో తెరిచింది. ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్లండి. ఇంత పని ఒక పల్లె తలపెట్టిందా అని ఆశ్చర్యపోతారు.

బతకడానికి తెలియాల్సినవి కొన్ని. ఆదివారం గడ్డి మిషన్ ముట్టుకోకూడదు, అది చట్టమే. మామూలు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఏడు దాకా ఆపాలి. శనివారం మీ ఇంటి ముందు వీధి మీరే ఊడవాలి, మా ఊళ్లో నడిరోడ్డు దాకా. మంచు పడితే ఉదయం ఏడుకల్లా నడిచే దారి తీసి ఉండాలి. నేను కళ్లాపి చల్లే ఊరిదాన్ని గనక చీపురు పట్టడం నాకు కొత్త కాలేదు, పొరుగావిడకు నా మీద మొదటి గౌరవం ఆ చీపురుతోనే వచ్చింది. కట్టెల పొయ్యి ఉంటే ఊరి అడవిలోంచే కట్టెలు చవగ్గా కొనుక్కోవచ్చు, కానీ అడవిలోకి వెళ్లి మీరే రంపం మిషన్‌తో కోసుకోవాలంటే దానికి శిక్షణ పత్రం అడుగుతారు. కారు లేకపోతే మాత్రం కష్టం. మన భారత లైసెన్సు మనం జర్మనీకి వచ్చాక ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత ఇక్కడి పరీక్షలు రెండూ రాయాలి. మీ ఆవిడ లైసెన్సును ఇల్లు కొనకముందే మొదలుపెట్టండి. ఈ ఒక్క మాట మాత్రం నన్ను అక్కగా అనుకుని వినండి.

రూర్ లోయ:

అక్క చెప్పింది రైన్‌లాండ్-ఫాల్ట్స్ సంగతి. వేరే రాష్ట్రాల్లో ఇల్లు చూసేవాళ్లు కూడా ఇది చదువుతారు గనక ఒక మాట కలుపుతాను. మేం నోర్డ్‌రైన్-వెస్ట్‌ఫాలెన్‌లో ఉంటాం. ఇక్కడ కోటీ ఎనభై లక్షల జనాభాకు మొత్తం 396 పంచాయతీలే. అరవై, డెబ్బైల్లో చిన్న ఊళ్లన్నింటినీ కలిపేశారు. అప్పటి పశ్చిమ జర్మనీ మొత్తం మీద సుమారు 24,000 ఉండే పంచాయతీలు 8,500 దాకా దిగాయి. మా ఊరి జనాభా ఆరు వందలు, మీరు చూసిన ఊరికన్నా పెద్దది. కానీ మాకు సొంత సభ్యులు లేరు, సొంత బడ్జెట్ లేదు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నంలో ఒక భాగం మాత్రమే. ఊరి తరఫున మాట్లాడే మనిషి ఒకాయన ఉన్నాడు, చెప్పగలడు గానీ తేల్చలేడు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మా ఆటస్థలంలో ఉయ్యాల విరిగితే ఆ పట్నం ఆఫీసుకు మెయిలు పెట్టాలి. వస్తారు, బాగా చేస్తారు, అందులో లోటేమీ లేదు. అయితే అది మా ఉయ్యాల అనే భావన పోయింది. పాతవాళ్లు ఇప్పటికీ 1975కు ముందు రోజులు తలచుకుంటారు. మా పక్కింటి తాతగారు తన తండ్రి సర్పంచ్‌గా ఉన్నప్పటి ముద్ర చెక్క డబ్బాలో దాచుకున్నాడు, ఒకరోజు తీసి చూపించాడు. రబ్బరు ఎండిపోయి పగుళ్లిచ్చింది.

అలాగే ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ఊరి జనాభా 70 లోపు ఉంటే సభ్యులే ఉండరు. ఓటున్నవాళ్లంతా కూర్చుని తేల్చుకుంటారు, అచ్చం గ్రామసభ. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు ఏ రాష్ట్రమో, ఊరికి సొంత పంచాయతీ ఉందో లేదో ముందు కనుక్కోండి.

మళ్లీ పట్నం:

అందరూ మంచే చెబుతున్నారు. మా అనుభవం వేరు, అదీ తెలియాలి. మేం తూర్పున ఒక పల్లెలో పద్నాలుగు నెలలున్నాం, తర్వాత అమ్మేసి వచ్చేశాం. ఊరివాళ్లు మాకు ఏ చెడ్డా చేయలేదు. పలకరిస్తే పలికారు. కానీ నేను ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి ఏడింటికి వచ్చేవాణ్ని. మా ఆవిడకు కారు రాదు, అప్పటికి జర్మనూ రాదు. నవంబర్ నుంచి నాలుగింటికే చీకటి. రొట్టెల బండి వారానికి రెండుసార్లు హారన్ కొట్టుకుంటూ వచ్చేది, దాని కోసం ఎదురుచూడటమే ఆమెకు పండగ. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి నాలుగు పెద్ద రొట్టెలు కొని పెట్టింది. "ఎందుకు ఇన్ని?" అని అడిగితే, "ఇంకో రెండు నిమిషాలు మాట్లాడొచ్చని" అంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నెల తిరక్కుండా అమ్మకానికి పెట్టాం.

పిల్లల డాక్టరు నలభై నిమిషాల దూరం. రాత్రి జ్వరమొస్తే, డాక్టర్ల క్లినిక్కులు మూసేశాక పలికే 116117 నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన చోటికి మంచులో నడుపుకుంటూ వెళ్లాలి. తమ్ముడూ, ఇల్లు అందంగా ఉందని తొందరపడొద్దు. మీ ఆవిడను ఒంటరిగా అడగండి, మీ ముందు కాదు, వాళ్ల అక్కచెల్లెళ్లతో మాట్లాడినప్పుడు ఏమంటుందో వినండి.

మైన్ ఒడ్డు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నా, ఆ రొట్టెల సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ అక్కని అడగండి, ఆమెకు మొదటి స్నేహం ఎలా కుదిరిందో" అంది. కాబట్టి ఇది ఆమె ప్రశ్న. నాది ఇంకొకటి: ఏజెంటు, "ఊరికి ముందుగా కొనే హక్కు ఉంటుంది, ఆ కాగితం రావాలి" అన్నాడు. ఊరే మన ఇల్లు లాక్కుంటుందా?

కొండమీది కోడలు:

ముందు చిన్నది. దాన్ని ఫోర్‌కౌఫ్స్‌రెష్ట్ అంటారు. మీరూ అమ్మేవాళ్లూ నోటరీ దగ్గర సంతకాలు పెట్టాక, నోటరీ ఊరి వైపు రాసి అడుగుతాడు. రోడ్డు వెడల్పు చేయాలనో మరేదైనా ప్రజా అవసరం కోసమో కావాలంటే తప్ప ఊరు ఆ హక్కు వాడదు. వద్దని కాగితం ఇచ్చేస్తుంది, అప్పుడే మీ పేరు మీద నమోదు అవుతుంది. భయపడకండి. రిజిస్ట్రేషన్ పన్ను మా రాష్ట్రంలో 5 శాతం, మీరుంటున్న హెస్సెన్ రాష్ట్రంలో 6. ఆ ఒక్క శాతంతో పాత ఇంటికి కిటికీలు రెండు మార్చుకోవచ్చు. పాపకి రెండేళ్లు నిండాక ఈ రాష్ట్రంలో కిండర్‌గార్టెన్‌కు ఫీజు ఉండదు, అదీ లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు మీ ఆవిడ ప్రశ్న. పద్నాలుగు నెలలుండి వెళ్లిపోయిన తమ్ముడు రాసిందంతా నిజం. నా మొదటి చలికాలం కూడా అలాగే గడిచింది. మా ఆయన తొందరగా కలిసిపోయాడు, ఎందుకంటే వాలంటీర్ ఫైర్ సర్వీసులో చేరాడు. ఇక్కడ పల్లెల్లో మంటలార్పేది జీతం తీసుకునేవాళ్లు కాదు, రైతులూ మెకానిక్కులూ టీచర్లే. నడుముకున్న పేజరు మోగితే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుతారు. 2021 జూలైలో ఆర్ నది పొంగి ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. మా మండలం నుంచి వెళ్లిన బండిలో మా ఆయన కూడా ఉన్నాడు. బురదతో నిండిన నేలమాళిగల్లోంచి నీళ్లు తోడి నాలుగో రోజున వచ్చాడు. ఏం చూశాడో ఇప్పటిదాకా నాకు పూర్తిగా చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయన్ను "భారతీయుడు" అని అనలేదు, పేరు పెట్టే పిలుస్తారు.

నాకు అలాంటి దారి లేదు. నా స్నేహం బతుకమ్మతో మొదలైంది. వచ్చిన రెండో ఏడు, సద్దుల బతుకమ్మ రోజు. తంగేడు లేదు, గునుగు లేదు. ఎదురింటి ముసలావిడ తోటలో డాలియాలు, బంతిపూలు విరగబూసి ఉన్నాయి. అడగడానికి మొహమాటం. చివరికి గేటు దగ్గర నిలబడి, చేతులతో పూలు పేర్చి చూపించి, "పండగ, దేవత, పూలు" అన్నాను. ఆమె ఏమీ అడగలేదు. కత్తెర తెచ్చి నా చేతికిచ్చి, తోటలోకి దారి చూపించింది. తర్వాత నా వంటింట్లో కూర్చుని, నేను పూలు వరసలుగా పేరుస్తుంటే కాడలు కత్తిరించి అందించింది. చామంతి రంగు పక్కన ఏ రంగు రావాలో ఆమే చెప్పింది.

సాయంత్రం నీళ్లలో వదలాలి కదా. ఊరి మధ్యలో ఫైర్ ఇంజిన్ కోసం నీళ్లు నిల్వ చేసే చిన్న చెరువుంది. ఆవిడే సర్పంచ్ ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఆవుల పాకాయనే. మొత్తం విని, "పూలేనా? ప్లాస్టిక్, తీగ ఏమీ లేవు కదా? రేపు పొద్దున తీసేస్తే చాలు, పంపు గొట్టంలో ఇరుక్కోకూడదు" అన్నాడు. అంతే, అనుమతి. ఆ సాయంత్రం నేనూ మా ఇద్దరమ్మాయిలూ పాడుతుంటే వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు గుమిగూడారు. ఇప్పుడు ఏటా ఊరి హాలు అద్దెకు తీసుకుంటాం. తాళం ఇచ్చేటప్పుడు కరెంటు మీటర్ అంకె రాసుకుంటారు, తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ రాసి, వాడిన యూనిట్లకు కట్టించుకుంటారు. జిమ్మర్న్, కాస్టెలౌన్ వైపు నుంచి మన వాళ్లు నాలుగైదు కుటుంబాలు వస్తారు. ఊరివాళ్లు కేకులు తెస్తారు, మేం సత్తుపిండి పెడతాం.

ఎదురింటావిడ మూడేళ్ల కిందట పోయింది. శవపేటికను ఇరుగుపొరుగు మగవాళ్లే మోశారు, మా ఆయన కూడా భుజం పట్టాడు. ఇక్కడ సమాధి శాశ్వతం కాదు, మా ఊళ్లో ఇరవై ఐదేళ్లు, ఆ తర్వాత ఆ చోటు మళ్లీ ఊరిదే. ఆమె పిల్లలు హాంబుర్గ్‌లో ఉంటారు. ఆ సమాధి మీద బంతిపూల మొక్కలకు నీళ్లు పోసేది నేనే. మీరు అద్దాల పెట్టెలో చదివారే, శ్మశానంలో కుళాయి మార్చే సంగతి. అలాంటి కుళాయి మా ఊళ్లోనూ ఉంది. వేసవిలో రోజూ దాని దగ్గర ఇద్దరు ముగ్గురు కలుస్తాం, నీళ్ల డబ్బా నిండేదాకా మాట్లాడుకుంటాం. మీ ఆవిడకు ఇది చెప్పండి.

కొనేముందు ఇంకోసారి వెళ్లండి, ఈసారి ఇల్లు చూడ్డానికి కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా ఊళ్లలో ఒక శనివారం ఊరంతా కలిసి రోడ్ల పక్కన, అడవి అంచున చెత్త ఏరతారు. తేదీ ఆ అద్దాల పెట్టెలోనో, మండలం వారపత్రికలోనో వేస్తారు. నలుగురూ వెళ్లండి, ఆ ఇల్లు చూసిపోయినవాళ్లమని చెప్పండి. మీ ఆవిడను ఆడవాళ్ల గుంపుతో పంపండి, మీరు వేరే గుంపులోకి వెళ్లండి. పని అయ్యాక హాల్లో అందరికీ సూప్, సాసేజ్ పెడతారు. శాకాహారులైతే ముందే చెబితే బఠానీ సూప్ విడిగా తీసి ఉంచుతారు, మాకు అలాగే చేశారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మీ ఆవిడ ఏం మాట్లాడుతుందో వినండి. చెత్త సంచులు, చేతికి గ్లౌజులు వాళ్లే ఇస్తారు. పిల్లల సైజువి మాత్రం దొరకవు, బాబు కోసం మీరే పట్టుకెళ్లండి.